దోషదర్శన సంఘం

మేఘాద్రి జిల్లాలో ఆ ఏడాది ఉగాది నుంచి ప్రభుత్వ వాహనాలు చెడిపోవడం మానేశాయి. మానేశాయి అనడం కంటే మాన్పించారు అనడం న్యాయం. 'నిర్దోష వాహన ఉద్యమం' అనే పేరుతో పైనుంచి ఒక ఉత్సాహం దిగివచ్చింది. ఏ జిల్లాలో బండ్లకు మరమ్మతులు తక్కువగా జరిగితే ఆ జిల్లాకు అంత గౌరవమని ప్రకటించారు. గౌరవం సంపాదించడానికి రెండు మార్గాలున్నాయి. బండ్లను బాగుచేయడం మొదటిది. బండ్లు బాగున్నాయని చెప్పడం రెండవది. మొదటి మార్గంలో చేతులకు మసి అంటుతుంది కనుక జిల్లా యంత్రాంగం రెండవదాన్ని ఎంచుకుంది.

ప్రభుత్వ వాహనాల షెడ్డు గోడ మీద 'మన బండికి మచ్చ లేదు' అని బారెడు అక్షరాలతో రాయించారు. పానాలు, స్క్రూడ్రైవర్లు బీరువాలో పెట్టి తాళం వేశారు. డ్రైవర్లను ఎండలో వరుసగా నిలబెట్టి, 'నా వాహనమును నిందించను, దాని చప్పుళ్లను అపార్థము చేసుకొనను' అని ప్రతిజ్ఞ చేయించారు. అప్పటికీ కొందరు తమ బండ్లు ఆగిపోతున్నాయని మొండిగా చెబుతూ ఉండటం వల్ల, వాహన విభాగం పెద్ద అయిన పరాంకుశం గారి అధ్యక్షతన దోషదర్శన సంఘం ఏర్పడింది. దాని మూలసూత్రం ఒక్కటే. సంఘ సభ్యుల కళ్లెదుట సంభవించినదే దోషం. వారు చూడనిది జరగనట్టే లెక్క. జరగనిదాన్ని జరిగిందనడం వదంతి.

ఈ సూత్రం సంగతి తెలియని ఒక తెల్లకారు, ఆషాఢమాసపు ఉదయాన, చింతలోయ ఘాట్ రోడ్డు నడుమ ఆగిపోయింది.

ముందు కాసేపు జెర్కులిచ్చింది. తరువాత ఊపిరి అందనట్టు గునిసింది. ఆ తరువాత అన్నిటినీ వదులుకున్నదానిలా నిశ్శబ్దమైపోయింది. డ్రైవరు గౌరునాయుడు హ్యాండ్ బ్రేకు లాగి, దిగి, వెనక చక్రం కింద రాయి పెట్టాడు. ఆ రాయి అతను ప్రతిసారీ పెట్టే రాయే. దాన్ని ఎవరూ తీసుకుపోకుండా తుప్పల్లో దాచి ఉంచుతాడు.

వెనక సీట్లో నర్సు ఎస్తేరు రాణి కూర్చుని ఉంది. ఆమె ఒడిలో తల పెట్టుకుని చామంతి పడుకుని ఉంది. చామంతికి తొమ్మిదేళ్లు నిండాయి గాని ఆరేళ్ల పిల్లలా ఉంటుంది. తలసీమియా. మూడు వారాలకొకసారి ఇంకొకరి రక్తం ఎక్కించుకుంటేనే బతుకు. వాళ్ల ఊరికీ జిల్లా ఆసుపత్రికీ మధ్య ఈ కొండ ఉంది. ఎక్కి దిగితే గాని ఆసుపత్రి రాదు. లోయలోని ఇటువంటి పిల్లలను తీసుకువెళ్లడానికే ఆరోగ్య కేంద్రానికి ఈ కారు ఇచ్చారు.

"మళ్లీ ఏమయింది నాయుడూ?" అంది ఎస్తేరు రాణి.

"ఏటవుద్దమ్మా, అదే పంపు. ట్యాంకులోనే ములిగుంటాది కదా ఆ పెట్రోలు పంపు. సుట్టూ పెట్రోలుంటే సల్లగా పని సేస్తాది. మనకి పోసింది అడుక్కే సరి. ఘాటెక్కితే ఆ ఉన్నదీ ఎనక్కి జారిపోద్ది. పంపు కాగిపోయి పడకేసీసినాది. సల్లబడితే అదే లేస్తాది."

ఇది గౌరునాయుడు ఒక్కడే కనిపెట్టిన రహస్యం కాదు. షెడ్డులో మెకానిక్కులకు తెలుసు. ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు తెలుసు. ఘాటు మలుపులో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ముసలామెకు కూడా తెలుసు. కారు ఆగగానే ఆమె విసనకర్ర ఆపి, "పంపు కాగిందేటి?" అని పలకరించింది. ఎందుకు కాగుతోందో కూడా అందరికీ తెలుసు. ఆ జిల్లాలో అధికారి ఎక్కే బండికి ట్యాంకు నిండుగా పోస్తారు, రోగి ఎక్కే బండికి దూరం కొలిచి పోస్తారు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎవరూ ప్రశ్నించని అలవాటు. నిండు ట్యాంకులో ఆ పాత పంపు ఎలాగో ఈదుకొస్తుంది. అడుగంటిన ట్యాంకులో చేతులెత్తేస్తుంది.

చామంతి కళ్లు తెరిచి నీరసంగా నవ్వింది. "సిస్టరమ్మా, దీనికీ నాలాగే ఎక్కించాలేటి?"

"దీనికి ఎక్కించాల్సిన వాళ్లకు నేను ఎక్కిస్తాను, నువ్వు పడుకో," అంది ఎస్తేరు రాణి.

ఆమె మిషన్ బడిలో చదువుకున్న మనిషి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని, చెప్పేటప్పుడు నిటారుగా నిలబడాలని, ఆ బడిలో బెత్తంతో నేర్పారు. ఆ రెండు అలవాట్లూ ఆమెను ఉద్యోగంలో ఎదగనివ్వలేదు. వంగనూ ఇవ్వలేదు.

ఆ రోజు వాళ్లు ఆసుపత్రి చేరేసరికి రక్తనిధి గది మూసి ఉంది. మరునాటి దాకా చామంతి వరండాలో బల్ల మీద, పరుగెత్తి వచ్చినదానిలా ఎగశ్వాసతో పడుకుంది. ఆమె పరుగెత్తింది ఎక్కడికీ కాదు, బల్ల నుంచి కుళాయి దాకా నడిచిందంతే. ఇంకొక రెండు రోజులు ఆలస్యమైతే గుండె తట్టుకోదని, ఆ సంగతి నర్సుకు వేరే చెప్పాలా అని డాక్టరు కసిరాడు. చెప్పనక్కరలేదు. అందుకే ఆమె ఆసుపత్రి నుంచి తిన్నగా వాహన విభాగానికి వెళ్లింది.

పరాంకుశం గారు విశాలమైన మనిషి. విశాలమైన బల్ల వెనక కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన సాంకేతిక సభ్యుడు వామనమూర్తి నిలబడి ఉన్నాడు. వామనమూర్తి చదివింది ఇంజనీరింగు. ఒకప్పుడు చెవి ఆనించి ఇంజన్ల జబ్బులు చెప్పేవాడని పేరు. ఉద్యమం వచ్చాక ఆ చెవి అధ్యక్షులవారి వైపు తిరిగింది.

"కారులో పంపు పాడైంది సార్. మార్పించండి," అంది ఎస్తేరు రాణి.

"అమ్మా, 'పాడైంది' అనునది నిర్ధారణ," అన్నారు పరాంకుశం గారు కళ్లజోడు సవరించుకుంటూ. "నిర్ధారణ చేయు అధికారం సంఘానిది. మీరు చేయగలిగినది నివేదన మాత్రమే. దోషమని మీకు తోచుచున్నట్లు నివేదించుకొనవచ్చును."

"తోచడం ఏమిటి సార్? నడిరోడ్డు మీద ఆగింది. పసిపిల్ల ప్రాణం మీదికి వచ్చింది."

"చూడండి, మీరు వైద్యవిభాగం వారు. రోగి నొప్పి అంటే నమ్మేస్తారు. మా విభాగంలో అంత అలుసు లేదు. నొప్పి మాకు కనబడవలెను."

ఎస్తేరు రాణి వామనమూర్తి వైపు చూసింది. "మీరు ఇంజనీరు గారు. తాళం తిప్పగానే వెనక సీటు కింద సన్నగా గుమ్మని వినిపించాలట గదా, పంపు బాగుంటే? ఇది మూలుగుతోంది. ఒకసారి వచ్చి వినండి."

వామనమూర్తి ముఖంలో ఏదో కదిలింది. అధ్యక్షులవారు దగ్గారు. కదిలినది ఆగిపోయింది.

"వినికిడి సాక్ష్యం చెల్లదు," అన్నారు పరాంకుశం గారు. "అయినను మీ ఆవేదనను మన్నించి, సంఘం స్వయంగా ప్రయాణించి దోషానికి దర్శనావకాశం కల్పిస్తుంది."

దర్శనావకాశం గురువారం నాడు కల్పించారు. తెల్లకారును కడిగి, ముందు బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందు సీట్లో అధ్యక్షులు. వెనక సాంకేతిక సభ్యుడు, లెక్కల సభ్యుడు, పేరేమిటో ఎవరికీ గుర్తులేని ఇంకొక సభ్యుడు. ఎస్తేరు రాణి పక్కన నిలబడి చూస్తుండగానే గౌరునాయుడు చేసిన మొదటి పని బంకుకు పోనిచ్చి ట్యాంకు మెడ దాకా నింపించడం.

"నాయుడూ, ఏం చేస్తున్నావు?" అందామె గొంతు తగ్గించి. "నింపితే ఎలా ఆగుతుంది?"

"ఏటి సేయనమ్మా? ఆపీసర్లు ఎక్కితే నింపకపోతే నా ఉజ్జోగం ఖాళీ అయిపోద్ది."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. "సార్, పెట్రోలు సగం తీయించండి. మా పిల్లలకు పోసినంతే పోసి నడపండి. అప్పుడు చూడండి."

పరాంకుశం గారు నొచ్చుకున్నారు. "అధికారులు ప్రయాణించు వాహనంలో కొరత ఉండరాదమ్మా. పైగా లోటు ఇంధనంతో నడపడమంటే దోషాన్ని ప్రలోభపెట్టడమే. అలా పుట్టించిన దోషం సహజ దోషం అనిపించుకోదు."

కారు ఘాటును మేకపిల్లలా ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. మూలుగు లేదు, జెర్కు లేదు. మలుపులో మొక్కజొన్న పొత్తులు అమ్మే ముసలామె లేచి నిలబడి, ఆగకుండా పోతున్న ఆ కారును అబ్బురంగా చూసింది. సంఘం ఆ వారమంతా ఎక్కుతూనే ఉంది. దోషం దర్శనమివ్వలేదు.

ఇంకొకరైతే అక్కడితో ముగించేవారు. పరాంకుశం గారికి తర్కం మీద మక్కువ ఎక్కువ. సంఘం ఎక్కినప్పుడు కారు ఆగదు. రోగులు ఎక్కినప్పుడు ఆగుతుందని నివేదన. కనుక దోషం కారులో లేదు, ఎక్కేవారిలో ఉంది. అయితే ఆ దోషాన్ని సంఘం చూడలేదు కనుక అది ఉన్నదనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. తేలేవరకు సంఘం ఆ కారులోనే ఉండి నిరీక్షించడం ధర్మం. అందువల్ల ఆ కారును ఆరోగ్య కేంద్రం నుంచి తప్పించి దోషదర్శన సంఘానికి కేటాయించారు. తలుపు మీద ఉన్న ఎర్ర గుర్తు చెరిపి, సంఘం పేరు నీలిరంగుతో రాయించారు.

చామంతికి రక్తం ఎక్కించే రోజు మళ్లీ వచ్చింది. ఎస్తేరు రాణి పిల్లను చంకన వేసుకుని రోడ్డు మీద నిలబడింది. తెల్లకారు వచ్చి ఆగింది. గౌరునాయుడు దించిన తల ఎత్తలేదు. లోపల నలుగురు సభ్యులు నిండుగా ఉన్నారు. లెక్కల సభ్యుడు వేయించిన వేరుశనగలు తింటున్నాడు.

"మేము ఎక్కాలి," అంది ఎస్తేరు రాణి.

"ఎక్కడ ఎక్కుతారమ్మా?" అన్నారు అధ్యక్షులు నిజమైన విచారంతో. "మీ ప్రయాణికుల క్షేమం కోసమే గదా మేము ఈ కష్టం పడుతున్నది. మేము దిగితే నిరీక్షణ భంగమవుతుంది. అప్పుడు మీ కారు ఎప్పటికీ బాగుపడదు."

"ఈ పిల్ల బతికి ఉండాలి గదా సార్, కారు బాగుపడేదాకా."

"అది వైద్యవిభాగం పరిధి," అన్నారాయన. "మేము జోక్యం చేసుకొనరాదు."

చామంతి కిటికీలోంచి లోపలికి చూసింది. "నా సోటులో ఎవులో కూకున్నారు సిస్టరమ్మా," అంది. ఫిర్యాదు చేయలేదు. ఉన్నదే చెప్పింది.

ఆ రోజు వాళ్లు కోళ్ల బుట్టలు తీసుకువెళ్లే వ్యానులో కొండ దాటారు. ఎస్తేరు రాణి దారి పొడవునా పిల్ల ముఖానికి తన చీరకొంగు అడ్డం పట్టుకుని, ఇక పంపు గురించి మాట్లాడి లాభం లేదని గ్రహించింది. యాభై మందికి తెలిసిన నిజాన్ని యాభై ఒకటవసారి చెప్పడం వల్ల అది ఇంకా నిజం కాదు. తనకు కావలసింది పంపు కాదు, ఆ సీటు.

సీటు దొరికే దారి పరాంకుశం గారే చూపించారు.

ఆమె తిరిగి కార్యాలయానికి వెళ్లినప్పుడు గోడ మీది తెరలో రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి మాట్లాడుతున్నారు. పరాంకుశం గారు ఆ తెర ముందు అటెన్షనులో నిలబడి చెమటలు కక్కుతున్నారు. నిర్దోష ఉద్యమానికి ఆ వారం తోడుగా 'ప్రజాభాగస్వామ్యం' అనే కొత్త ఉత్సాహం వచ్చి చేరింది.

"సంఘం ఉంది, సంతోషం. అందులో పబ్లిక్ ఎక్కడండీ?" అంది తెర.

"ఉన్నారండి. అనగా... ఉండబోతున్నారండి."

"వాహన వినియోగదారుల ప్రతినిధులు ఉండాలి. వచ్చే సమీక్షకు నాకు ముఖాలు కనబడాలి."

తెర ఆరిపోయింది. పరాంకుశం గారు కుర్చీలో కూలబడ్డారు. "ప్రభుత్వ కార్లకు వినియోగదారులెవరయ్యా వామనమూర్తీ? మనమే గదా!"

"నేను తెచ్చి ఇస్తాను సార్," అంది గుమ్మంలోంచి ఎస్తేరు రాణి. "ఆ కారును మీ అందరికంటే ముందు నుంచి వాడుతున్నవారు. ఆగినప్పుడల్లా అందులోనే ఉన్నవారు. పేరు బిడ్డిక చామంతి."

"వయసు?"

"సంఘంలో చేరడానికి వయసు నియమం పెట్టారా సార్?"

పరాంకుశం గారు ఆలోచించారు. పెట్టలేదు. చిన్నపిల్ల, కొండ ప్రాంతం, ఆడపిల్ల. మూడు ముఖాలు ఒకే ముఖంలో దొరుకుతున్నాయి. ఆయన కళ్లు తడి అయ్యాయి. "అమ్మా, మీ సేవాభావాన్ని నేను తక్కువగా అంచనా వేశాను," అన్నారు.

చామంతి చేత ప్రమాణం చేయించిన సభకు షామియానా వేశారు. కుర్చీ ఎత్తైనదవడం వల్ల కాళ్లు నేలకు అందలేదు. మెడలో నీలి పట్టీ, దానికి పేరు రాసిన అట్టముక్క, చేతిలో సంఘం వారి నీళ్ల సీసా. "దోషమును నిష్పక్షపాతముగా చూచెదను" అని ఎస్తేరు రాణి అందించగా పలికింది. ఆ తరువాత మైకులోనే, "సూత్తాను గానీ, నాకు కిటికీకాడ సోటు కావాల," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మైనరు సభ్యురాలికి సంరక్షకురాలు అవసరం కనుక ఎస్తేరు రాణికి కూడా సీటు మంజూరైంది. ఇద్దరు అధికారులు కారు దిగవలసి వచ్చింది. వారు మర్యాదకు కాస్త బాధపడి, సంతోషంగా దిగారు. ఘాటు మలుపుల్లో వాంతులతో వాళ్ల ప్రాణాలు అప్పటికే విసిగిపోయి ఉన్నాయి.

ఆ సంగతి కనిపెట్టి ఎస్తేరు రాణి ఇంకో అడుగు వేసింది. "సార్, లోయలో ఇంకా ఇద్దరు వినియోగదారులున్నారు. పాపం, ఈ వయసులో మీరు మలుపులు తిరగడం దేనికి?"

"నిరీక్షణ ఆగరాదు గదా?"

"సభ్యులే గదా సార్ నిరీక్షిస్తున్నది. చేర్చుకుంటే వాళ్లూ సభ్యులే."

తర్కంలో లోపం లేదు. అలా శ్రావణం వెళ్లేనాటికి దోషదర్శన సంఘంలో ప్రయాణించే సభ్యులంతా తలసీమియా పిల్లలయ్యారు. అధ్యక్షులు ఫ్యాను కింద నుంచి పర్యవేక్షణ చేస్తున్నారు. సంఘం ప్రయాణాలకు ట్యాంకు నిండుగా పోయడం రివాజు కనుక గౌరునాయుడు ప్రతిసారీ మెడ దాకా పోయిస్తున్నాడు. కారు ఆగడం లేదు. పిల్లలకు వేళకు రక్తం అందుతోంది. చామంతి పెదవులకు రంగు వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర సంఘం పేరు చూసి కాపలావాడు సలాము కొడితే, కిటికీలోంచి ఆమె తిరిగి కొడుతోంది.

అంతా ఇంత సవ్యంగా సాగుతున్న సమయంలో జిల్లాకు పంపు వచ్చింది.

ఎవరూ అడగలేదు. ఉద్యమం కంటే ముందు ఎప్పుడో, ఎక్కడో, ఎవరో పెట్టిన కోరిక ఊళ్లన్నీ తిరిగి, సీలు వేసిన అట్టపెట్టెలో కొత్త పెట్రోలు పంపుగా మారి, గుమ్మంలో దిగింది. పరాంకుశం గారు దాన్ని పామును చూసినట్టు చూశారు. వెనక్కి పంపితే ఎందుకు తెప్పించారని అడుగుతారు. బిగిస్తే దోషం ఉండేదని ఒప్పుకున్నట్టు. ఆయన సర్వసభ్య సమావేశం పిలిచారు.

పొడవాటి బల్లకు ఒక పక్క అధికారులు, ఇంకో పక్క ముగ్గురు పిల్లలు. పిల్లల వెనక ఎస్తేరు రాణి నిలబడి ఉంది. బల్ల మధ్య అట్టపెట్టె.

"సభ్యులారా," అన్నారు పరాంకుశం గారు, "విషయం మిక్కిలి సున్నితమైనది. దోషం ఉన్నదని మీరు తీర్మానిస్తే పంపు మార్చబడును. మార్చిన పిదప దోషం ఉండదు. దోషం లేనిచో దోషదర్శన సంఘం ఉండదు. సంఘం లేనిచో సంఘానికి కేటాయించిన కారు కేంద్ర కార్యాలయానికి చేరును."

"ఆరోగ్య కేంద్రానికి తిరిగి ఇవ్వరా సార్?" అంది ఎస్తేరు రాణి.

"ఆరోగ్య కేంద్రానికి కారు ఉన్నట్టు ఇప్పుడు ఎక్కడా లేదమ్మా. కేంద్ర కార్యాలయంలో పనులు లేనప్పుడు పంపగలరు."

కేంద్ర కార్యాలయంలో పనులు లేని రోజు ఉండదని ఆమెకు తెలుసు. అక్కడి పనుల్లో అధికారుల పిల్లల సంగీతం పాఠాలు కూడా ఉంటాయని గౌరునాయుడు చెప్పాడు.

"దోషం లేదని తీర్మానిస్తే?"

"అప్పుడు సంఘం లక్ష్యం నెరవేరినట్టు. సంఘం ఉండదు. తక్కినది పైన చెప్పిన విధముగానే."

ఎస్తేరు రాణికి తన బడి గుర్తుకు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పు, నిటారుగా నిలబడి చెప్పు. ఇంతకాలం గొంతు చించుకుని అరిచిన నిజం ఇప్పుడు పెట్టెలో, బల్ల మీద, చేతికందే దూరంలో ఉంది. దాన్ని అందుకుంటే పిల్లలు మళ్లీ కోళ్ల వ్యాను ఎక్కాలి.

"దోషం ఉన్నదనువారు చేతులెత్తవలెను."

ఒక చెయ్యి లేచింది. వామనమూర్తిది.

పరాంకుశం గారు నిర్ఘాంతపోయారు. వామనమూర్తి చెయ్యి దించలేదు. "నేను వెళ్లి విన్నానండీ. తాళం తిప్పి విన్నాను. పంపు చివరి దశలో ఉంది. ట్యాంకు నిండా పోసినా ఏదో ఒక రోజు కొండ మీద ఆగిపోతుంది. ఈసారి చల్లబడినా లేవదు. లోపల పిల్లలుంటారండీ."

చామంతి వెనక్కి తిరిగి గుసగుసలాడింది. "సిస్టరమ్మా, ఈ బాబు నిజివే సెప్తన్నాడు. నువ్వే కదా పంపు మార్చాలని అందరితోటీ దెబ్బలాడినావు? సెయ్యెత్తీనా?"

ఎస్తేరు రాణి ఆ పిల్ల తల నిమిరింది. జీవితంలో మొదటిసారి కాస్త వంగి నిలబడింది.

"దించే ఉంచు తల్లీ."

"దోషం లేదనువారు?" అన్నారు అధ్యక్షులు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. పరాంకుశం గారు తేలికగా ఊపిరి వదిలారు. ఒకటికి వ్యతిరేకంగా తక్కినవారంతా మౌనం వహించినందున విషయాన్ని మరింత నిరీక్షణకు వదిలిపెట్టడమైనదని, అంతవరకు పంపును పెట్టెతో సహా ఆ కారు డిక్కీలోనే భద్రపరచవలెనని ప్రకటించారు.

వరండాలో వామనమూర్తి ఆమెను ఆపాడు. మొహం ఎర్రబడి ఉంది. "నేను భయస్థుణ్ణే, ఒప్పుకుంటాను. ఈ ఒక్కసారి చెయ్యి ఎత్తాను. మీరు కూడా ఇలా చేస్తారనుకోలేదు సిస్టర్."

"చేతులెత్తితే కారు పోతుంది సార్. చేతులు మసి చేసుకుంటే పోదు," అందామె. "ఆ పానాల బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

 అతని చెయ్యి తెలియకుండానే జేబు తడుముకుంది.

"ఆదివారం ప్రార్థన అయిపోయాక మా మిషన్ ఆవరణ ఖాళీగా ఉంటుంది," అంది ఎస్తేరు రాణి. "గోడలు కూడా ఎత్తుగానే ఉంటాయి."

ఆదివారం మధ్యాహ్నం తెల్లకారు మిషన్ ఆవరణలో వేపచెట్టు నీడన నిలిచింది. ఎవరూ దగ్గర బీడీ వెలిగించకుండా గౌరునాయుడు గేటు దగ్గర కాపలా ఉన్నాడు. వామనమూర్తి చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, బ్యాటరీ తీగ ఊడదీసి, వెనక సీటు ఎత్తి, దాని కింది గుండ్రటి మూత తెరిచాడు. పెట్రోలు వాసన గుప్పుమంది. చేతిని లోపలికి దించి పాత పంపును పైకి తీసినప్పుడు దాని అడుగున ఉన్న జల్లెడ నల్లటి మడ్డి పట్టి, కాఫీ వడగట్టిన గుడ్డలా ఉంది. ఆ జిల్లాలో ఆ ఏడాది ప్రభుత్వ వాహనానికి జరిగిన ఏకైక మరమ్మతు అది. దాన్ని దొంగతనంగా చేయవలసి వచ్చింది. చేస్తున్నంతసేపూ వామనమూర్తి సన్నగా ఈలవేస్తూనే ఉన్నాడు.

కొత్త పంపు లోపలికి వెళ్లింది. పాత పంపు కొత్త పెట్టెలోకి వెళ్లింది. పెట్టె మూతకు ఎస్తేరు రాణి ఆసుపత్రి ప్లాస్టరు అంటించి, మిషన్ బడి శ్రద్ధతో అంచులు నున్నగా ఒత్తింది. డిక్కీ మూశారు. వామనమూర్తి తాళం తిప్పాడు. వెనక సీటు కింద నుంచి సన్నగా, సమంగా, గుమ్మని వినిపించింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

అప్పుడు ఎస్తేరు రాణికి చామంతి సంగతి గుర్తుకు వచ్చింది. పిల్లను మరునాటి ప్రయాణం కోసం ముందుగా తెచ్చి తన దగ్గరే ఉంచుకుంది. చామంతి ప్రార్థన మందిరం మెట్ల మీద, వీళ్లకు ఎదురుగా కూర్చుని ఉంది. మెడలో సంఘం వారి నీలి పట్టీ ఉంది. సంఘ సభ్యురాలు.

సభ్యుల కళ్లెదుట జరిగినదే జరిగినట్టు. ఎస్తేరు రాణి చేతిలోని ప్లాస్టరు చుట్ట కింద పెట్టింది. వచ్చే సమావేశంలో ఈ పిల్లను నిలబెట్టి ఏం చూశావని అడుగుతారు. అబద్ధం చెప్పమని ఒక పసిదానికి తను నేర్పవలసి వస్తుంది.

"చామంతీ," అంది. "నువ్వు ఎప్పటి నుంచి చూస్తున్నావమ్మా?"

చామంతి రెండు అరచేతులూ కళ్ల మీద గట్టిగా నొక్కిపెట్టుకుని ఉంది. వేళ్ల కొసలు గులాబీ రంగులో ఉన్నాయి.

"నాను సూడనేదు సిస్టరమ్మా," అంది. "మూత తీసినకాడి నుండీ కళ్లు మూసీసుకునే ఉన్నాను. అయిపోయిందేటి? తెరిసీనా?"